గర్భసంచిలో గోడ

రెండో బిడ్డ పందొమ్మిదో వారంలో పోయాకగానీ నా గర్భసంచి ఆకారం గురించి ఎవరూ మాట్లాడలేదు. మొదటి బిడ్డ పదహారో వారంలో పోయినప్పుడు, ఇలా జరుగుతుంటుందన్నారు. నమ్మాను.

కెనడాలో మేముండే విన్నిపెగ్‌లో స్పెషలిస్టు ఒకావిడ కాగితం మీద రెండు బొమ్మలు గీసింది. పుట్టుకతోనే నా గర్భసంచి లోపల రెండు గదులున్నట్టు అల్ట్రాసౌండ్‌లో కనిపించింది. సంచి పైభాగం బయటినుంచి సమంగా ఉంటే, లోపల ఉన్నది అడ్డుగోడ మాత్రమే. చిన్న ఆపరేషన్‌తో తీసేయవచ్చు. పైభాగమే మధ్యలో లోతుగా నొక్కుకుపోయి ఉంటే, సంచే రెండు కొమ్ములుగా పెరిగినట్టు. దాన్ని సాధారణంగా ముట్టుకోరు. నాది ఏదో ఎమ్మారై స్కాన్ చెప్పాలి.

ఆ స్కాన్ కోసం నాలుగు నెలలు ఎదురుచూశాను. దొరికినదల్లా చదివాను. ఏది చదివినా నాది రెండో బొమ్మే అనిపించేది.

ఒక మంగళవారం పొద్దున స్కాన్ చేసే చోటు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో రావడం మానేశారట, మధ్యాహ్నం రాగలరా అని. ఒంటిమీద లోహం ఉండకూడదన్నారు. పుస్తెలతాడు, గాజులు, ముక్కుపుడక తీశాను. మెట్టెలు రాలేదు. నా భర్త బాత్రూమ్‌లో కింద కూర్చుని నా వేళ్లకు సబ్బు రాశాడు.

"తొడిగినవాడే తీయాలని పంతులుగారు అప్పుడు చెప్పలేదే."

"జోకులాపి లాగండి. లేటవుతోంది."

ఒంట్లోగానీ ఒంటిమీదగానీ లోహం ఏమైనా ఉందా అని అక్కడ ఇచ్చిన ఫారంలో అన్నింటికీ లేదు అని టిక్ పెట్టాను.

పొత్తికడుపు మీద ఒక పలక ఉంచి గొట్టంలోకి పంపారు. రేకు మీద సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. ఊపిరి తీస్తే బొమ్మ చెదురుతుందేమోనని భయం. కాసేపటికి చప్పుడు ఆగి, మంచం బయటికి జరిగింది.

"నడుముకు ఏదైనా కట్టుకున్నారా? మేం చూడాల్సిన చోటే నల్లగా వస్తోంది," అంది స్కాన్ తీస్తున్న ఆవిడ.

అప్పుడు గుర్తొచ్చింది. రెండోసారి ఆస్పత్రి నుంచి వచ్చాక, మా బిల్డింగ్‌లో ఉండే ఒంగోలు ఆంటీ నా మొలకు నల్లతాడుతో తాయెత్తు కట్టింది. "నీకు నమ్మకం లేదని తెలుసులేమ్మా. నా కోసం ఉంచుకో. కానుపయ్యేదాకా తీయమాక," అంది. కాదనలేకపోయాను. నెలల తరబడి లోదుస్తుల కింద ఉండిపోయిన దాన్ని నేను తాడనే అనుకున్నాను. అందులో రేకు ఉందని తోచలేదు.

ముడి బిగిసిపోయి ఊడలేదు. అయస్కాంతం ఉన్న గదిలోకి కత్తెర తేకూడదని, ఆవిడ నన్ను బయటికి తీసుకెళ్లి ఇచ్చింది. తర్వాతి పేషెంట్ వచ్చేశారని, ఇరవై నిమిషాలే ఇవ్వగలనని చెప్పింది. ఏ నమ్మకాలూ లేవని చెప్పుకునే నేను కత్తెర పట్టుకుని ఆగాను. తర్వాత కోశాను. మళ్లీ గొట్టంలోకి వెళ్లినంతసేపూ ఒకటే ఆలోచన: కోయకూడనిది కోశాను, ఇక తేలేది రెండో బొమ్మే.

తొమ్మిది రోజుల తర్వాత స్పెషలిస్టు ఫోన్ చేసింది. స్పీకర్ ఆన్ చేశాం. సంచి పైభాగం సమంగా ఉంది. ఉన్నది గోడే. తీసేయవచ్చు. ఇలాంటివాళ్లకు ఒక్కోసారి కిడ్నీ ఒకటే ఉంటుందట, నాకు రెండూ ఉన్నాయి. నా భర్త ఆవిడకు మూడుసార్లు థాంక్స్ చెప్పాడు.

నేను అడిగాను: "మొదటిసారి పోయినప్పుడే ఈ స్కాన్ చేసి ఉంటే?"

"రెండోసారి పోయింది గోడ వల్లే అని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను," అంది ఆవిడ.

ఫోన్ పెట్టేశాక నా భర్త అన్నాడు, "ఎందుకడిగావు? గుడ్ న్యూసే కదా చెప్పింది."

"అవును."

"ఆపరేషన్ అయ్యాక, డాక్టర్ ఓకే అంటే, మళ్లీ ట్రై చేద్దామా?"

సరే అన్నాను. పదహారో వారం తెలుసు, పందొమ్మిదో వారం తెలుసు. ఇరవయ్యో వారం ఎలా ఉంటుందో నాకు తెలియదు.