చదవకుండా వదిలేసిన మాటలు

ఆఫీసులో అతన్ని కిక్కు అనేవాళ్లు. పాత స్కూటరు ఎన్నిసార్లు తన్నినా స్టార్టు కానట్టు, అతని నోట్లో కొన్ని మాటలు పెదవులదాకా వచ్చి ఆగిపోయేవి. ఆ పేరు పెట్టింది సొంత బావమరిదే. ఉద్యోగం ఇప్పించింది కూడా అతనే కాబట్టి, రెండూ కలిపి భరించాల్సి వచ్చింది. ఇంట్లో చెప్పుకుంటే, తమ్ముడు సరదాకి అంటాడని, దానికే మొహం ముడుచుకుంటే ఎలాగని భార్య అనేది.

అది ప్రకటనల ఆఫీసు. నాలుగు బల్లలు, ఒక కిటికీ, గోడకు పెద్ద తెర. జనం ఇంటర్నెట్లో ఏ మాటలు కొట్టి వెతుకుతున్నారో కనుక్కుని కొట్లవాళ్లకు చెప్పడం కిక్కు పని. ఒక్కో మాటకూ ఎంతమంది వెతికారో చూసి రాసుకోవాలి. సోమవారం మీటింగులో, వచ్చిన కొట్లవాళ్ల ముందు నిలబడి పైకి చదవాలి. చదివించడం యజమాని పద్ధతి. కాగితం చేతికిస్తే ఎవరూ చూడరని, చెవిన పడితేనే గుర్తుంటుందని ఆయన నమ్మకం.

మిగతా మాటలతో ఎలాగో నెట్టుకొచ్చేవాడు. 'ప'తో మొదలయ్యేది వస్తే మాత్రం పెదవులు అతుక్కుపోయేవి. మెడ నరాలు తేలేవి. బావమరిది బల్ల కింద స్కూటరు తన్నినట్టు నేలను తన్నేవాడు. గదంతా నవ్వేది. యజమాని కూడా నవ్వి, కళ్లు తుడుచుకుని, కానీ కానీ అనేవాడు.

అందుకని కిక్కు అలాంటి మాటలను రాసుకోవడమే మానేశాడు. మంచం చెప్పేవాడు, కుర్చీ చెప్పేవాడు, పరుపు జోలికి వెళ్లేవాడు కాదు. ఎవరూ కనిపెట్టలేదు. అయినా సోమవారం వస్తోందంటే ముందురోజు నుంచే అతనికి అన్నం సయించేది కాదు.

చివరికి తెగించి యజమానిని అడిగాడు. వెతుకులాట కంపెనీవాళ్లు తమ లెక్కలను బయటి ప్రోగ్రాములకు నేరుగా అందించే ద్వారం ఒకటుందని, దాన్ని ఏపీఐ అంటారని, దానికి తగిలేలా ఒక పరికరం కడితే, ఒక్క మాట ఇవ్వగానే దానికి చుట్టాలైన మాటలన్నీ తెర మీదికి వచ్చి కూర్చుంటాయని చెప్పాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. యజమాని వాచీ చూసుకుంటూ విన్నాడు.

"కట్టు. తెర మీద కనబడితే ఇక నువ్వు చదవక్కర్లేదు."

ఆ ఒక్క మాట పట్టుకుని కిక్కు తిండి ధ్యాస లేకుండా పనిచేశాడు. గబగబా అడిగితే ఆ ద్వారం మూసుకుపోయేది. ఆగి ఆగి అడగడం ప్రోగ్రాముకు నేర్పాడు. ఆగి ఆగి అడిగినా విసుక్కోకుండా జవాబిచ్చింది అతని బతుకులో అదొక్కటే. పరికరం పనిచేసిన రోజు ఇంటికి నడుస్తూ ఈల వేశాడు. తను వదిలేసిన మాటలను అది వదలదన్న సంగతి ఆ సంబరంలో తట్టనే లేదు.

సోమవారం సామాన్ల కొట్టాయన వచ్చాడు. మంచాలూ కుర్చీలూ పరుపులూ అమ్మే మనిషి, ఆఫీసుకు పాత ఖాతాదారు. బావమరిది కీబోర్డు ముందు కూర్చుని 'మంచం' అని కొట్టాడు. తెర నిండిపోయింది. అన్నిటికన్నా పైన పరుపు. దాని కింద పిల్లల మంచం, పాత మంచం మార్పిడి, పడక కుర్చీ. పక్కనే గడిచిన నెలల లెక్కలు.

కొట్టాయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. ఇంతకాలం చదివి వినిపించినవాటిలో ఇవెప్పుడూ రాలేదేమని అడిగాడు. బావమరిది తెర వంకా బావ వంకా మార్చి మార్చి చూసి, మెల్లగా నవ్వాడు.

"అన్నీ 'ప'లే సార్. మా బావ నోరు తిరగనివన్నీ ఎగ్గొట్టాడు."

కొట్టాయనకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక అరవలేదు.

"అంటే ఈయన నోరు తిరక్క, నా గోడౌన్లో పరుపుల మీద ఎలకలు కాపురం పెట్టాయన్నమాట. ఎదురు కొట్టువాడు అవే అమ్మి ఇంకో అంతస్తు లేపాడు."

పొరపాటయిందని చెప్పబోయాడు కిక్కు. ఆ మాటా పెదవుల దగ్గరే ఆగింది.

"లేచి నిలబడు," అన్నాడు యజమాని. "ఇన్నాళ్లూ మింగినవన్నీ చదువు. పైనుంచి."

"తెర... తెర ఉంటే అక్కర్లేదన్నారు గదండీ."

"అన్నాను. నీ నిర్వాకం తెలియక అన్నాను. తెర ఉంటుంది, నువ్వూ చదువుతావు. ఈరోజే కాదు, ప్రతి సోమవారం."

కొట్టాయన కుర్చీ దగ్గరికి లాక్కుని చేతులు కట్టుకున్నాడు. బావమరిది ఫోను తీసి, రికార్డింగు నొక్కి నీళ్ల గ్లాసుకు ఆనించి నిలబెట్టాడు, అక్కయ్య కూడా వింటుందని.

కిక్కు లేచాడు. పెదవులు బిగుసుకున్నాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. అంతా ఎంతో ఓపిగ్గా అతని నోటి వంకే చూశారు. 'పరుపు' బయటికి వచ్చేసరికి అతని చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"తర్వాతది," అన్నాడు యజమాని.

"తొందరేం లేదు బావా, నిదానంగానే కానీ," అని బావమరిది తెర మీది జాబితాను కాస్త జరిపాడు. కింద ఇంకా చాలా ఉన్నాయి.