ఉత్త ఫ్లాషు

కొత్తపేటలో మా గల్లీ చివర స్టూడియో పెట్టుకున్నాయన్ని అందరం ఫోటో అన్న అనేవాళ్లం. బటన్ నొక్కిన వెంటనే "మస్తొచ్చింది సార్!" అనడం ఆయన అలవాటు. రీలు కడిగేదాకా ఎలా వచ్చిందో ఎవరికీ తెలియని కాలంలోనూ అంతే ధీమాగా అనేవాడు.

నా పెళ్లిలో మా బడి లెక్కల సారు స్టేజీ ఎక్కి నా పక్కన నిలబడ్డప్పుడు కూడా అలాగే అన్నాడు. ఆల్బంలో మాత్రం సారు లేరు. ఆయనతో నేను దిగిన ఫోటో అదొక్కటే. "కడిగేటప్పుడు ఖరాబైంది సార్" అంటే నమ్మాను. లెక్క సరిచూసుకోవడం నాకు మొదట్నుంచీ రాదు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్ రిలే దీక్ష టెంటులో మళ్లీ సారు పక్కన చోటు దొరికింది. ఇంట్లో ఉప్మా దిట్టంగా తినొచ్చి నిరాహారంగా కూర్చున్నాను. ఫోటో అన్న కొత్త డిజిటల్ కెమెరాతో వచ్చాడు. ఆయన నొక్కడం ఆలస్యం, జనం "ఏదన్నా, చూపియ్!" అంటూ వెనక మూగుతున్నారు.

మా దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించాడు.

"మీ పెండ్లిల రీలు తక్కువవడ్డది సార్. గప్పుడు మీకు ఉత్త ఫ్లాషే కొట్టిన. ఈ పెద్దసారును ఎవరో దూరపు సుట్టమనుకున్న."

కోప్పడదామనుకున్నాను. కానీ ఆ ఉత్త వెలుగుకు నేనెంత ముచ్చటగా నవ్వానో గుర్తొచ్చి, మళ్లీ నవ్వే వచ్చింది.

"ఇప్పుడన్నా తియ్యన్నా."

తీశాడు. ఈసారి ఏమీ అనలేదు. కెమెరా సారు చేతిలో పెట్టి, "మీరే చూసి చెప్పుండ్రి" అన్నాడు.

సారు కళ్లద్దాలు పైకి తోసుకుని, నా పరీక్ష పేపరు దిద్దినంత సేపు చూశారు.

"మస్తొచ్చిందిరా."

ఆయన నాకు అన్ని మార్కులు వేయడం అదే మొదటిసారి.