ఆయన గొంతుతో వచ్చిన ఫోను

మావారు పోయిన నెలకు ఇందుకూరుపేటలో మా ఇంట్లో ఆదరణ కూడిక, అంటే ఓదార్పు ప్రార్థన, పెట్టాం. ఆయన రొయ్యల చెరువులకు సాఫ్ట్‌వేర్ రాసేవారు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే అది యజమానికి ఫోన్ చేసి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు వెయ్యమని మావారు రికార్డు చేసిన గొంతుతోనే చెబుతుంది.

ప్రార్థన ముగియగానే ఒక చెరువు యజమాని లేచాడు. “పోయినాయన్ని అనకూడదు గానీ, సరిగ్గా రాసుంటే నా రొయ్యలు చచ్చేవి కాదమ్మా. మొన్న ఫోనే రాలా” అన్నాడు అందరి ముందూ.

నాదీ అదే పని. లాప్‌టాప్ తెచ్చి అక్కడే చూశాను. రొయ్యలు చచ్చిన వారమే అతను ఎవరితోనో, కొలతలు దాచే డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మార్పించాడు. ప్రోగ్రాంను డేటాబేస్‌తో కలిపే డ్రైవర్ కూడా మారింది. మావారు వాడిన పాత పద్ధతి కొత్త డ్రైవర్‌లో లేదు. దాన్ని తీసేస్తామని డ్రైవర్ తయారుచేసినవాళ్లు ముందే చెప్పారు, వెర్షన్ మార్చినవాడు అది చదవలేదు. దాంతో చెరువు కొలతలు నమోదు కాలేదు, ఫోనూ వెళ్లలేదు.

ఇదంతా చెప్పాను.

“అయ్యన్నీ నాకేం తెలుసమ్మా, ముందు బాగుచెయ్యి.”

కొత్త పద్ధతిలో రాసి పరీక్షించాను. అతని చేతిలో ఫోన్ మోగింది. ఎత్తి స్పీకర్‌లో పెట్టాడు. మావారి గొంతు.

“అన్నా, రెండో చెరువులో ఆక్సిజన్ తగ్గిపోతా ఉండాది. ఏరేటర్లు వెయ్యి.”

మా అత్తగారు గబుక్కున తలుపు వైపు చూశారు.

అతను ఫోన్ ఆపేశాడు. “ఆ గొంతు తీసెయ్యమ్మా. చచ్చినోడు మాట్లాడితే ఎట్లా?”

తీసేసి కంప్యూటర్ గొంతు పెట్టాను. అతను టీ తాగి వెళ్లాడు. తప్పు మావారిది కాదని అతను అనలేదు, కూడికలో ఎవరూ అనలేదు. ఓదార్పు మాటలు మాత్రం అందరూ చెప్పారు.