సోములమ్మ నోట రాని మాట

జి.మాడుగుల సంతకు వచ్చేవాళ్లలో నాకు నచ్చిన మనుషులు పదిమందికి మించి ఉండరు. మిగతావాళ్లంతా నా ఓపికకు పరీక్ష పెట్టడానికే కొండ దిగుతారని నా అనుమానం. మెయిన్ రోడ్డు మీద నాకో జిరాక్స్ షాపుంది. ఆధార్ కార్డులు, కుల ధ్రువపత్రాలు, పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు అన్నీ నా పాత కంప్యూటర్ మీదుగానే ప్రభుత్వానికి చేరాలి. చోడవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి పద్దెనిమిదేళ్లయింది. నా పేరు సూర్యనారాయణ అయినా, కింది మైదానం నుంచి వచ్చి కొట్టు పెట్టినవాణ్ణి కనుక అందరికీ సావుకారు బాబునే. సావుకారుకి ఉండాల్సినవాటిలో నా దగ్గరున్నది కోపం ఒక్కటే.

నచ్చిన ఆ పదిమందిలో మొదటి మనిషి నేరేడుగొంది సోములమ్మ.

నేరేడుగొంది మాడుగులకు ఎనిమిది కిలోమీటర్ల అవతల, కొండ మీద ముప్పై గడపల ఊరు. సోములమ్మకు యాభై ఏళ్లుంటాయి. కాసిని కాఫీ మొక్కలు, వాటి పక్కన మిరియాల తీగలు, వాలులో సామలు, రాగులు. సంత రోజు తట్ట నెత్తిన పెట్టుకుని నడిచి వస్తుంది. షాపు ముందు తట్ట దించి, మొహం తుడుచుకుని, ముందు నన్నే అడుగుతుంది, "తిన్నావా బాబూ?" అని. ఎనిమిది కిలోమీటర్లు నడిచింది తను, కుర్చీలో కూర్చున్నది నేను. జిరాక్స్‌కి డబ్బులొద్దంటే ఊరుకునే మనిషి కాదు. వచ్చే సంతకి ఒక పనసపండు మోసుకొచ్చి గుమ్మంలో పడేసి పోతుంది. ఆ పళ్లు కోసీ కోసీ నా భార్య వెంకటలక్ష్మి, "ఈసారి ఆవిడ దగ్గర డబ్బులు తీసుకోకపోతే మీరే కొయ్యండి" అని కత్తి నా చేతికిచ్చింది.

సోములమ్మ బడి మెట్టెక్కలేదు. సంతకం నేర్చుకున్నది మా షాపు బల్ల మీదే. నేర్పింది ఆమె కూతురు సౌందర్య, అప్పుడు ఆరో తరగతి. సోములమ్మ మాటలో 'మా గుంట', అంటే మా పిల్ల. "సో" రాయడానికి మూడు సంతలు పట్టింది. భర్త యర్రయ్య వెనక నిలబడి చూసేవాడు. ఆయన మాట్లాడితే వాన వస్తుందని ఊళ్లో వేళాకోళం.

ఆ సౌందర్య ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇంటర్ పాసై, విశాఖపట్నంలో ఒక కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ సీటు తెచ్చుకుంది. నేరేడుగొంది నుంచి డిగ్రీ చదువుకి వెళ్లిన మొదటి ఆడపిల్ల. పేద పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే ఫీజు డబ్బు, హాస్టల్ తిండి డబ్బు, రెండింటికీ దరఖాస్తు నేనే పెట్టాను. అడగందే అమ్మయినా పెట్టదు, సర్కారైతే అడిగినా కాగితాలు చూడందే పెట్టదు. మొదటి ఏడు రెండూ వచ్చాయి. మా ఇంట్లోవాళ్లు పాసైనట్టు వెంకటలక్ష్మి పాయసం చేసింది.

ఈ ఏడు దసరా సెలవులకు వచ్చిన సౌందర్య బస్సు దిగి నేరుగా మా షాపుకే వచ్చింది. భుజం మీది సంచి కూడా దించలేదు.

"బాబాయ్, లిస్టులో నా పేరు తీసేసినారు. నెలాఖరుకి ఫీజు కట్టకపోతే పరీక్షలు రాయనివ్వరంట."

కంప్యూటర్‌లో తెరిచి చూశాను. అనర్హులు అని ఉంది. కింద కారణాలు: కుటుంబానికి నాలుగు చక్రాల వాహనం కలదు. పరిమితికి మించిన భూమి కలదు. కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి కలరు.

నాకు నవ్వాగలేదు. సోములమ్మకు జీపేమిటి, ఎకరాలేమిటి! సౌందర్య నవ్వలేదు. "అమ్మే సెప్పింది బాబాయ్," అంది. "నెల కిందట సర్వేకి మేడమ్ వచ్చినారు. ఏది అడిగినా ఉంది, ఉంది అన్నాదంట, సంతకొచ్చినప్పుడు ఫోన్‌లో సెప్పింది."

అప్పుడు చెప్పింది వాళ్ల ఊరి కట్టుబాటు. సామ కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కొత్త పండగ చేసి కొత్త గింజ తినేదాకా నేరేడుగొందిలో పెద్దవాళ్లెవరూ 'లేదు' అనరు. వాళ్ల మాటలో 'నేదు'. ఉప్పు నిండుకున్నా అనరు, ఉత్త డబ్బా పట్టుకెళ్లి పక్కింటి గడప మీద పెడతారు, వాళ్లే పోస్తారు. లేదన్న ఊరికి గింజ రాదని వాళ్ల నమ్మకం. అందరిలోకీ గట్టిగా పాటించేది సోములమ్మ. యర్రయ్య ఆ నెలన్నరా అసలు నోరే విప్పడు. ఆయనకది పెద్ద కష్టమూ కాదు.

గ్రామ సచివాలయానికి వెళ్లి, ఆ సర్వే చేసిన వెల్ఫేర్ అసిస్టెంట్ నిర్మలను కలిశాం. అనకాపల్లి అమ్మాయి, కొత్త ఉద్యోగం, నిప్పులాంటి నిజాయితీ. విన్నది విన్నట్టు రాసే మనిషి.

"నెలాఖరులోగా మళ్లీ సర్వే చేసి పంపొచ్చు సార్," అంది. "కానీ ఇంటి దగ్గరే చెయ్యాలి, ఫొటో తియ్యాలి. ఇంటి పెద్దగా తల్లి పేరుంది కాబట్టి ఆవిడే చెప్పాలి. ఆవిడ ఉందంటే నేను లేదని రాయలేను."

పోనీ పండగయ్యాక వెళ్దామంటే, ఈసారి వానలు తెరిపివ్వక పంట వెనకబడింది. మంచిరోజు చూసే దిసారి పండగను నెల దాటించాడు. మన గడువు అంతకు ముందే ముగుస్తుంది.

సరే, నేను చెబితే వింటుందిలే అని షాపు మూసి నేనూ బయల్దేరాను. నిర్మల, సౌందర్య, నేను కామేష్ జీపు ఎక్కాం. కామేష్ సోములమ్మ ఆడపడుచు కొడుకు. సోములమ్మకు జీపుందో లేదో తేల్చడానికి మేమెక్కింది ఆ జీపేనని సగం దారిలో గానీ నాకు తట్టలేదు.

సోములమ్మ వాకిలి అలికి, చాప వేసి, అందరికీ రాగి అంబలి పోసింది. ఉడికించిన చిలగడదుంపలు పెట్టింది. తినేదాకా పని మాట ఎత్తనివ్వలేదు. తర్వాత నిర్మల ట్యాబ్ తీసింది.

"అమ్మా, మీకు కారు గానీ జీపు గానీ ఉందా?"

"ఉంది," అంది సోములమ్మ, చిరునవ్వుతో.

"పది ఎకరాల కంటే ఎక్కువ భూమి ఉందా?"

సోములమ్మ ఎదురుగా ఉన్న కొండకేసి చెయ్యి చూపింది. "ఉంది కదమ్మా, అదిగో."

నాకు ఒళ్లు మండిపోయింది. "సోములమ్మా! నీకేమైనా మతి ఉందా? ఒక్కసారి నేదను, పిల్ల చదువు నిలబడుతుంది. ఒక్క ముక్కకి నీ నోరేం అరిగిపోదు!"

ఆమె నొచ్చుకోలేదు. "సేనులో కంకి పండతాంది సావుకారు బాబూ. ఇంటికి రాబోయే గింజకి నేదన్న మాట ఇనిపిస్తే ఎనక్కి పోదా?"

"అమ్మా," అంది సౌందర్య. "నా సదువు పోతాది."

సోములమ్మ మొహంలో నవ్వు పోయింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని తల నిమిరింది. "నీ సదువంటే నాకు పానం గుంటా. నా ఒక్క కూడు పోతే పోనీ అనేసుందును. ముప్పై గడపల కూడు ఇది. నీ కోసమని ఆళ్ల కూడు నేనెలాగ తీసేదే?"

అంతసేపూ అరిచిన నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మొండితనమనుకున్నాను, కాదు. రెండు ప్రేమల మధ్య నలిగిపోతోంది ఆ మనిషి. నిర్మల కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి, అయినా ట్యాబ్ మూసి లేవబోయింది. యర్రయ్య గోడకానుకుని నేలకేసి చూస్తున్నాడు.

"మేడమ్, ఆగండి," అంది సౌందర్య కళ్లు తుడుచుకుంటూ. "వార్డులో మాకు ఒకటి నేర్పించినారు. పేషెంటుని నొప్పుందా అని అడిగితే, కొందరు భయంతో ఉందంటారు, కొందరు మొహమాటంతో నేదంటారు. అలాగ అడక్కూడదు, ఎక్కడ, ఎప్పుడు అని అడగాల అంటారు మా సిస్టర్. మీరూ ఉందా అని అడక్కండి. ఎవరిది అని అడగండి."

నిర్మల ట్యాబ్ తెరిచి మళ్లీ కూర్చుంది.

"జీపు ఎవరిదమ్మా?"

"మా కామేష్‌ది. మీరు దిగిన బండే కదమ్మా." స్టీరింగ్ ముందు కూర్చున్న కామేష్ చెయ్యెత్తాడు.

"కామేష్ ఉండేది ఈ ఇంట్లోనేనా?"

"ఆడి ఇల్లు ఆ సివర. పెళ్లాం, ఇద్దరు గుంటలు."

నిర్మల వేళ్లు ట్యాబ్ మీద చకచకా కదిలాయి. "ఆ కొండ ఎవరిది?"

సోములమ్మ ఆశ్చర్యపోయింది. "కొండ ఎవరిదేటమ్మా? కొండది కొండదే!"

"అందులో మీరు దున్నేది?"

"ఆ పనసచెట్టు కాడ నుంచి ఈ గట్టు దాకా." నిర్మల లేచి వెళ్లి చూసి వచ్చింది. రెండు ఎకరాలకు తక్కువే.

"ప్రభుత్వ ఉద్యోగం ఎవరిది?"

"మా రవిబాబుది. బావగారి కొడుకు. కొయ్యూరులో బడికి వాచ్‌మన్. కొత్త తినడానికి ఏటా మాకాడికే వత్తాడు."

"జీతం ఎవరింటికి వెళ్తుంది?"

"ఆడింటికే. మాకెందుకమ్మా ఆడి జీతం? మాకు అన్నీ ఉన్నాయి కదా!"

నిర్మల పకపకా నవ్వేసింది. ఆ అమ్మాయికి నవ్వు వచ్చునని నాకు అప్పుడే తెలిసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు గానీ, ఆ నోటిని ఎలా అడగాలో వాళ్లు చెప్పలేదు. చెప్పింది మా నేరేడుగొంది పిల్ల. సోములమ్మ వేలిముద్ర కలుపు తీతలో అరిగిపోయి నాలుగోసారికి గానీ పడలేదు. ఇంటి ముందు ఫొటోకి నిలబడమంటే, బేగి వెళ్లి యర్రయ్యకు ఉతికిన చొక్కా తొడిగించుకొచ్చింది.

గడువుకి మూడు రోజుల ముందు సౌందర్య పేరు అర్హుల జాబితాలోకి వచ్చింది. నేను పేజీ తెరిచి ఒకసారి చూసుకున్నాను, వెంకటలక్ష్మిని పిలిచి ఇంకోసారి చూశాను. ఫోన్ చేస్తే సిగ్నల్ దొరకలేదు. నేనే కామేష్ జీపుకు ఎదురెళ్లి కబురు పంపాను. సెలవులైపోయాయి, సౌందర్య విశాఖ బస్సెక్కింది. ఆ తర్వాత పది రోజులకు నేరేడుగొందిలో కొత్త పండగ జరిగింది. పంట బాగా వచ్చిందట, ముప్పై గడపలకీ.

పండగయ్యాక వచ్చిన సంతకు సోములమ్మ కొత్త సామలు మూట కట్టుకొచ్చి వెంకటలక్ష్మి చేతికిచ్చింది. పరవాన్నం ఎలా వండాలో కూడా చెప్పింది. నాకు ఆటపట్టించాలనిపించింది.

"కొత్త తిన్నారు కదా సోములమ్మా, ఇప్పుడైనా ఒక్కసారి ఆ మాట అను. నీ నోట విందామని నెల్లాళ్లుగా కాచుకున్నాను."

కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏటనీది బాబూ? ఫీజు కట్టేసినారు. గాదె నిండింది. మా ఇంటికాడ అన్నీ ఉన్నాయి."

తట్ట ఎత్తుకోబోయి ఆగింది. స్టాండులోంచి విశాఖ బస్సు హారన్ కొడుతూ కదిలింది. అది మలుపు తిరిగేదాకా చూసింది.

"గుంటే నేదు బాబూ," అంది.