కుండలో నిప్పులు

నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఈరమ్మ, తెల్లాపూర్ టవర్లకు ఇటుకలు మోసీ మోసీ నడుం అరగదీసుకుంది. కట్టడం పూర్తయ్యాక సెక్యూరిటీ వాళ్లు ఆమెను ఆ గేటు దాటనివ్వలేదు. ఇంత నగరంలో ఆమె తనదనుకున్నది ఒక్కటే: సైటు వెనక దిబ్బ మీద, జ్వరంతో పోయిన కొడుకును పూడ్చిన చోటు.

ఇంకో టవరు సెల్లారు కోసం ఆ దిబ్బనూ తవ్వసాగారు. జేసీబీకి ఎముకలున్న పాత కుండలు తగిలాయి. అన్నీ పగిలి టిప్పర్లలో పోయాయి. ఒకదాన్ని మాత్రం ఈరమ్మ అడ్డంపడి గుడిసెకు తెచ్చుకుంది. తన కొడుకు పక్కన పడుకున్న పెద్దమనిషి కదా! ఎముకలను మర్యాదగా చెరువులో కలిపి, రోజూ పొద్దుగూకితే ఆ కుండలో నిప్పులు పోసి సాంబ్రాణి వేసేది.

కొన్నాళ్లకు సంగతి తెలిసి హర్షిణి అనే పరిశోధకురాలు వచ్చింది.

"ఇది వేల ఏళ్ల నాటి శ్మశానమేమో అమ్మా. పరీక్షలో తేలితే తవ్వకం ఆపించొచ్చు."

"గట్లయితే మా పోరడు గీడనే ఉంటడా మేడం?"

"ఉంటాడు."

పని ఆగింది. కుండ ల్యాబుకు వెళ్లింది. అంత చదువుకున్న వాళ్లలో ఒక్కరైనా, ఇన్నాళ్లూ దీన్ని ఏం చేశావమ్మా అని అడిగితే నోరు అరిగేదా?

ఫలితం వచ్చాక హర్షిణి తల వంచుకుని చెప్పింది. కుండను కాల్చిన రోజు నుంచి అందులోని ఇసుక రేణువుల్లో నేలలోని రేడియేషన్ కొంచెం కొంచెంగా జమవుతుందట. ల్యాబులో వేడిచేస్తే అది వెలుగై బయటికొస్తుంది. ఆ వెలుగును బట్టే వయసు కడతారు. మధ్యలో నిప్పు గట్టిగా తగిలితే జమైనదంతా పోయి, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

"ఇది మొన్న కాల్చిన కుండ అని వచ్చిందమ్మా."

"నేను గండ్ల నిప్పులు పోసి ఊదు ఎయ్యకుంటే బాగుండునా?"

హర్షిణి ఆమె చేతులు పట్టుకుంది. బిల్డరు మేనేజరు మధుసూదన్ మాత్రం కాగితం చూసి నవ్వాడు. "కొత్త కుండ తెచ్చి డ్రామాలు!"

జేసీబీ మళ్లీ వచ్చింది. ఈరమ్మ మేస్త్రీ కుమార్ కాళ్లు పట్టుకుంది.

"అన్నా, మా పోరడున్న జాగ ఒక్కటి నేను తవ్వుకుంట. మిషన్ పెట్టకు."

ఒప్పుకున్నాడు. గడ్డపార వద్దని ఆమె చేతులతోనే మట్టి తీసింది. ఎంత తీసినా కొడుకు ఎముక ఒక్కటైనా చేతికి తగల్లేదు. పైనుంచి కుమార్ కేకేశాడు.

"అక్కా, జర జల్ది కానియ్యి. టిప్పర్ ఆగింది."