ఎర్రబడిన ఊట

నిన్న మా మొఘల్‌పురాలో నల్లా రాలేదు. వచ్చే వేళ దాటి గంటైనా కాలేదు, గల్లీ అంతా లొల్లి. ఎదురింటి కోడలు మేడ మీద నుంచి నీళ్ల ఆఫీసు వాళ్ల ఏడు తరాలను ఉర్దూలో కడిగేస్తుంటే, మా మనవడి భార్య ఖాళీ బకెట్లను వరసగా పెట్టి వాటి పక్కన చావు కబురు విన్న మనిషిలా నిలబడింది. వంటింట్లో తాగేనీళ్ల క్యాను నిండుగానే ఉంది. నాకు నవ్వొచ్చింది. ఆ పిల్లకు ఒళ్లు మండి, "నవ్వుతవేంది నాయనమ్మా, పొద్దుగాల నుంచి చుక్క నీళ్లు లెవ్వు" అంది. చుక్క నీళ్లు లేకపోవడం అంటే ఏమిటో దానికి చెప్పబోయి ఊరుకున్నాను. బకెట్లు పట్టుకున్న మనిషికి కథలు చెప్పకూడదు.

నాకు పద్దెనిమిదేళ్లప్పటి మాట. మా గల్లీలో ఉర్దూ మెట్రిక్ గట్టెక్కిన మొదటి తెలుగువాడు మా ఆయన. ఆ మెట్రిక్ పుణ్యమా అని సర్కారు ఆయనకు అమ్రాబాద్ గుట్టల మీద పంతులు ఉద్యోగం ఇచ్చింది. మా అత్త రెండు రోజులు అన్నం ముట్టలేదు. పక్కింటి ఖాలా వచ్చి, దారిలో ఏ ఆపదా రాకుండా ఆయన జబ్బకు ఇమామ్ జామిన్ తాయెత్తు కట్టి, "బహూకు కూడా" అంటూ కోడలినని నాకూ ఒకటి కట్టింది. బస్సు ఒక రోజు, ఎడ్లబండి ఒక రోజు, తర్వాత నా పెళ్లి పెట్టె ఒక మనిషి నెత్తిన, మేమిద్దరం వాడి వెనక. ఎక్కుతున్నకొద్దీ గుట్ట పెరుగుతోందే తప్ప తరగలేదు.

ఊరంటే ముప్పై గుడిసెలు. ఎక్కువమంది చెంచులు, రెండు మూడిళ్లు గొల్లవాళ్లు. బడి ఒక తాటాకు పందిరి, చదువుకునే పిల్లలు నలుగురు, అందులో ఒకడు మా ఇంట్లో బెల్లం ఉన్నన్నాళ్లే చదివాడు. ఉప్పు నెలకోసారి కిందినుంచి రావాలి. ఇప్పపువ్వు ఉడకబెట్టుకుని, గడ్డలు తవ్వుకుని, అంబలి తాగి బతికేవాళ్లు. చలిజ్వరంతో పిల్లల పొట్టలు కుండల్లా ఉబ్బి ఉండేవి. వైద్యుడు అన్న మాట వాళ్లకు తెలుసు, మనిషిని ఎవరూ చూడలేదు. సర్కారు మొహం కనపడేది అడవిని కాసే జంగ్లాత్ జవాను వచ్చినప్పుడే, వాడు కోడిని పట్టుకుని దిగిపోయేవాడు. అద్దం, అత్తరు సీసా సర్దుకుని వచ్చిన నా తెలివికి నేనే నెల రోజులు సిగ్గుపడ్డాను.

నీళ్లకు ఆ ఊరంతటికీ ఒకటే ఊట. పెద్ద బండ కింద, పిండి పిసికే తాంబాళమంత గుంట. ఆడవాళ్లు సొరకాయ బుర్రతో తోడుకునేవాళ్లు. పొద్దున ఇంటికి ఒక్క కుండ, అంతే. అంతకు మించి తోడితే ఊట అలుగుతుంది. దాచుకోవడం కూడా తప్పే, ఎందుకంటే దాచుకున్నవాళ్లు ఇంకొకరి వంతు తీసుకున్నట్టు. కాబట్టి ఏ గుడిసెలోనూ రెండో పూటకు నీళ్లుండవు. మొదటి రోజు నేను రెండు కుండలు నింపుకున్నాను. మంత్రసానితనం చేసే ఒక అవ్వ నా దగ్గరకు వచ్చి, ఒక్క మాటైనా అనకుండా, రెండో కుండ ఎత్తి మళ్లీ గుంటలో పోసింది. ఎవరైనా తిడితే బదులు చెప్పొచ్చు, ఇలాంటి దానికి ఏం చెప్తాం?

వైశాఖంలో కింది ఊళ్లలో కలరా అన్నారు. ఆఫీసు నుంచి మా ఆయనకు, రోగం రాకుండా బావి నీళ్లలో కలిపే ఎర్ర మందు పొట్లం ఒకటి వచ్చింది. దాని మీద ఉర్దూలో ‘బావికి ఒక పొట్లం’ అని ఉంది. అచ్చయిన ఉర్దూ అంటే ఆయనకు నిజాం ఫర్మానాతో సమానం. పైగా ఆయన ఎరిగిన బావి మొఘల్‌పురా ఇంటి వెనకది, అందులో ఏనుగు పడినా జాడ దొరకదు. కోళ్లు కూయకముందే లేచి, ఊరికి మేలు చేస్తున్నానన్న హుషారుతో, పొట్లం పొట్లమంతా ఆ తాంబాళమంత గుంటలో కుమ్మరించి వచ్చాడు.

పొద్దున ఆడవాళ్లు కుండలతో వెళ్లి అక్కడే నిలబడిపోయారు. గుంటలో నీళ్లు నెత్తురుకన్నా ముదురుగా ఉన్నాయి. ఆ రోజంతా మగవాళ్లు వంతులేసుకుని తోడిపోశారు. తోడినకొద్దీ ఊరుతోంది, ఊరినకొద్దీ ఎరుపే. సాయంత్రానికి పదిమంది కావళ్లు భుజాన వేసుకుని లోయలో వాగు మడుగుకు దిగారు. వాళ్లు తిరిగి ఎక్కివచ్చేసరికి మర్నాడు పొద్దు వాలుతుంది. మా ఆయన ఇది మందని, మంచిదేనని గుడిసె గుడిసెకూ తిరిగి చెప్పాడు. ఒక్కరూ తలుపు తడిక తియ్యలేదు.

అవ్వ కోడలు కాన్పయి అప్పటికి మూడో రోజు, ఒళ్లు కాలిపోయే జ్వరం. ఇంట్లో ఉన్న ముంతెడు నీళ్లూ మొదటి రోజే ఆమెకు పోశారు. మర్నాటి పొద్దుటికి పాలు ఆగిపోయాయి. ఆమె నాలుక ఎండి మాట రావడం లేదని చెప్పారు. పసిగుడ్డు ఏడుపు ముందు గట్టిగా, తర్వాత బొంగురుగా మా గుడిసెలోకి వినిపిస్తూనే ఉంది. ఆ జ్వరానికి మందు లేకపోవడం ఎవరి తప్పూ కాదు, నీళ్లు లేకపోవడం మా ఇంటివాడి తప్పు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ పొద్దున ఊరంతా బండ దగ్గర చేరింది. రాత్రంతా ఊరిన నీళ్లు కొంత పలచబడి కుంకుమ కలిపినట్టున్నాయి. నేను తాగి చూపిస్తానని మా ఆయన ముందుకు వెళ్లాడు. ఊరి పెద్ద చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు తాగితే ఏం లాభం పంతులూ? పోసినోనికి ఇరుగుడు ఎర్కుంటది. నీ ఇంటి మనిషి తాగాలె. తాగి, బండ నీడ గుంటల పడేదాక గీడనే కూసోవాలె. గప్పుడు మేం ముట్టుకుంటం."

తప్పు ఎవరింటిదైతే ఆ ఇంటి మనిషే దాన్ని ఒంటి మీద మోసి చూపించాలి, అది వాళ్ల న్యాయం. నేను కదిలాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, వాళ్లకు తెలియకూడదని మన గల్లీ మాటలో, "మత్ పీ. మై పూరీ పుడియా డాల్ దియా" అన్నాడు. తాగొద్దు, పొట్లం మొత్తం పోసేశానని. ఎంత పోశాడో నాకు అప్పుడే తెలిసింది. అప్పటికి నాకు మూడో నెల. మూడు దాటేదాకా ఎవరికీ చెప్పొద్దని మా అమ్మ చెప్పి పంపింది కాబట్టి ఆయనకు కూడా చెప్పలేదు. చెప్తే నన్ను తాగనివ్వడు. చెప్పకుంటే ఏమవుతుందో దేవుడికి తెలియాలి. ఈలోగా పసిగుడ్డు ఏడుపు ఆగి, మళ్లీ సన్నగా మొదలైంది. నేను చెయ్యి విడిపించుకుని సొరబుర్ర ముంచి తాగేశాను.

తుప్పు పట్టిన ఇనుము నాకినట్టుంది. నాలుక ముడుచుకుపోయింది. బండ మీద కూర్చున్నాను. నీడ గుంటకు ఆమడ దూరంలో ఉన్నట్టు కనపడింది. ఊరంతా పొయ్యి మీది పాలను చూసినట్టు నా మొహంలోకే చూస్తోంది. మా ఆయన నెత్తి మీది రూమీ టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. కాసేపటికి చెమటలు పట్టాయి. ఆపుకుందామని పళ్లు బిగించినా ఆగలేదు, అందరి ముందూ భళ్లున వాంతి చేసుకున్నాను.

జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఒకడు గొడ్డలి చెయ్యి మార్చుకున్నాడు. మా ఆయన పరుగున రాబోతే ఇద్దరు పట్టుకున్నారు. నాకు ప్రాణభయం వేసింది, అబద్ధమెందుకు? అది విషమో వేవిళ్లో నాకే తెలియదు.

అవ్వ ఒక్కతే ముందుకు వచ్చింది. నా తల పట్టుకుంది. కంటి కింది రెప్ప లాగి చూసింది, మణికట్టు పట్టి చూసింది, తర్వాత కొంగు చాటున నా పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

"ఎన్నో నెల బిడ్డా?"

"మూడోది అవ్వా."

"ఎర్కుండే తాగినవా?"

తలూపాను. మీ పసిదాని ఏడుపు వినలేకపోయానని చెబుదామనుకునేలోపే అవ్వ లేచింది. బుర్ర ముంచి, తను ఒక గుక్కలో తాగి, మళ్లీ ముంచుకుని ఇంటివైపు నడిచింది. ఊరి పెద్ద, "నీడ ఇంక రాలేదే అవ్వా" అన్నాడు. ఆమె ఆగకుండానే, "కడుపుల పిల్లను వెట్టుకొని ఏ ఆడిది విషం తాగదు. నువ్వు కూసో నీడ కోసం" అంది.

తను తండ్రి కాబోతున్న సంగతి మా ఆయనకు అలా, ఊరందరి మధ్య, రెండు చేతులూ పట్టుబడి ఉండగా తెలిసింది. పట్టుకున్నవాళ్లు వదిలేసినా కదలకుండా నిలబడ్డాడు.

ఆ కోడలు బతికింది. పొద్దు వాలేసరికి పాలు పడ్డాయి. నాకు పళ్లూ వేళ్లూ వారం రోజులు గోధుమరంగులో ఉండడం తప్ప ఏమీ కాలేదు, మార్గశిరంలో నా పెద్దకొడుకు ఆ అవ్వ చేతుల్లోనే పడ్డాడు. పట్నం తిరిగొచ్చాక మా ఆయన ఈ కథ చాయ్ హోటల్లో వందసార్లు చెప్పి ఉంటాడు, ఒక్కసారైనా పొట్లమంతా కుమ్మరించిన సంగతి చెప్పలేదు. నేనూ బయటపెట్టలేదు.

ఎనభై దాటాను. నేను అన్నమాట నిజమని నమ్మడానికి మా అత్తకు పదేళ్లు పట్టింది, కట్టుకున్నవాడికి అంతకన్నా ఎక్కువే పట్టింది, పిల్లలు ఇంకా ఆలోచిస్తున్నారు. నా నోట సంజాయిషీ ఒక్కటైనా రాకముందే నమ్మి, కోడలి ప్రాణం నా మీద పెట్టిన ఆ అవ్వకు మాత్రం పట్టింది నా కడుపు మీద చెయ్యి ఉంచినంత సేపే.