కడిగిన గొట్టం

పదవీ విరమణకు ఏడాది ముందు వరంగల్‌లోని ఒక సర్కారు దవాఖానలో నేను ల్యాబ్ సూపర్‌వైజర్‌ను. ఆ ఎండాకాలం, ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు తయారుచేసిన పరికరాన్ని పరీక్షించి నివేదిక ఇచ్చే పని నాకు అప్పగించారు. అందులో అసలు సరుకు ఒక చిప్. దాని అంచున వెంట్రుకకన్నా సన్నని సిలికాన్ పుల్లలుంటాయి. గుండెపోటు వచ్చినవారి రక్తంలోకి చేరే ట్రోపోనిన్ అనే ప్రోటీన్, పుల్ల మీది పూతకు అంటుకుంటే పుల్ల వంగుతుంది. ఎంత వంగిందో లేజర్ కొలుస్తుంది.

దాన్ని నడిపేది స్రవంతి, పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే పరిశోధక విద్యార్థిని. నా నివేదిక బాగుంటేనే ఆమె థీసిస్ ముందుకు కదులుతుంది. అవే రక్తపు నమూనాలను మా ల్యాబ్‌లోని పెద్ద మెషీన్‌లోనూ పరీక్షించేవాళ్లం; ఆ ఫలితం ఆమెకు తెలియకూడదన్నది నిబంధన. అయినా రెండు వారాలపాటు ఆమె అంకెలు మా అంకెలతో అచ్చు గుద్దినట్టు కలిశాయి. నా సర్వీసులో ఏ రెండు మెషీన్లూ అంత పొందికగా కాపురం చేయగా చూడలేదు. ఎవరో మా రిజిస్టర్ చూపిస్తున్నారనుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. అంకెలు కలుస్తూనే ఉన్నాయి. నా అనుమానం ముదిరింది.

ఒక ఉదయం నమూనా గొట్టంలో రక్తానికి బదులు ఉత్త సెలైన్ పోసి, పేషెంట్ నంబరు అంటించి ఆమెకు పంపాను. కొద్దిగా ట్రోపోనిన్ ఉందని జవాబొచ్చింది. దొంగ దొరికిందని సంతోషించాను కూడా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అంకెలు కల్పితమని నివేదిక రాసి ఆమెను పిలిచాను.

ఆమె నివేదిక చివరిదాకా చదివి అడిగింది. "ఆ సెలైన్ ఏ గొట్టంల పోసిండ్రు సార్?"

కడిగిన గాజు గొట్టంలో. సరఫరా చాలక వాడినవాటినే కడిగి వాడడం మా దగ్గర మామూలు.

"సంతకం జర ఆపుండ్రి. కొత్తదాంట్ల ఒకటి, కడిగినదాంట్ల ఒకటి మీరే పోసియ్యుండ్రి. ఏది ఏదో నాకు చెప్పకుండ్రి."

పోసిచ్చాను. కొత్త గొట్టంలోని సెలైన్‌కు పుల్ల కదల్లేదు. కడిగినదానికి వంగింది. మూడుసార్లు మార్చి మార్చి ఇచ్చినా అంతే. ఎవరో పాత రోగి రక్తపు ఆనవాలు గాజుకు అంటుకుని మిగిలింది. అదే సెలైన్‌ను మా పెద్ద మెషీన్‌లో పెడితే ఏమీ లేదంది. అంత కొద్ది ఆనవాలు దానికి అందలేదు; గుండెపోటు రోగుల రక్తంలో ట్రోపోనిన్ ఎక్కువ కాబట్టి అన్నాళ్లూ ఆ తేడా అంకెల్లో కనపడలేదు.

నివేదిక చింపేసి ఆమెకు క్షమాపణ చెప్పాను. "గొట్టాల ముచ్చట థీసిస్‌ల రాయొచ్చా సార్?" అని మాత్రం అడిగింది. రాయమన్నాను. కొత్త నివేదికలో నేనూ రాశాను. మరుసటి నెల గొట్టాలు కడిగి వాడినందుకు నాకు మెమో వచ్చింది, ల్యాబ్‌కు కొత్త గొట్టాలూ వచ్చాయి.

అనుమానించడం మా వృత్తిధర్మం. నేను అందరినీ అనుమానించాను, నా చేతిలోని గొట్టాన్ని తప్ప.